బెంజోడయజెపీన్‌లు కోతుల శ్వాసను తగ్గించడానికి ఏ గాబా గ్రాహకం కారణం?

నమస్కారం. ఫార్మకాలజీ పీజీ విద్యార్థిని. గాబా-ఎ గ్రాహకాలపై (మెదడు కణాల చురుకును తగ్గించే గాబా అనే రసాయనం అతుక్కునే చోట్లు) పనిచేసే మందులు రీసస్ కోతుల శ్వాసను ఎలా మారుస్తాయన్న అంశంపై సెమినార్ సిద్ధం చేసుకుంటున్నాను. బార్బిచ్యురేట్‌ల (పాత తరం మత్తుమందుల) సంగతి బోధపడింది: మోతాదు పెరిగితే అవి గాబా లేకపోయినా గ్రాహకంలోని క్లోరైడ్ మార్గాన్ని తెరవగలవు. మిడజోలం, ఆల్‌ప్రజోలం వంటి బెంజోడయజెపీన్‌లు గాబా ఉన్నప్పుడే దాని ప్రభావాన్ని పెంచుతాయి. అయినా మార్ఫిన్ వంటి నొప్పిమందులైన ఓపియాయిడ్‌లతో కలిస్తే ప్రాణాంతకం కావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. నా సందేహం ఇక్కడే మొదలవుతుంది.

ఈ మందులు ఆల్ఫా-1, 2, 3, 5 అనే ప్రోటీన్ ఉపభాగాలున్న గ్రాహకాలన్నిటిపైనా పనిచేస్తాయి. మగతకు ముఖ్యంగా ఆల్ఫా-1 కారణమని చదివాను. శ్వాస మందగించడానికీ అదే కారణమా, లేక మరొకటా? కోతి తలకు హెల్మెట్ వంటి తొడుగు అమర్చి, మొదట మామూలు గాలిని, తరువాత 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలిని అందిస్తూ, నిమిషానికి ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎంత గాలి పీలుస్తోందో కొలిచే పద్ధతిలో, శ్వాసకేంద్రంపై మందు నేరుగా చూపే ప్రభావాన్ని మగత వల్ల వచ్చే మార్పు నుంచి ఎలా వేరుచేస్తారు? శ్వాసల సంఖ్య తగ్గకుండా ఒక్కో శ్వాసలోని గాలి మాత్రమే తగ్గితే (నన్ను ఎక్కువగా తికమక పెడుతున్నది ఇదే) దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ప్రైమేట్లతో పనిచేసినవారు గానీ, మత్తువైద్యులు గానీ దయచేసి వివరించగలరు.