జియాంట్4 సిమ్యులేషన్‌ను యానిమేషన్‌గా మలచడం: కాలక్రమాన్ని ఎలా చూపాలి?

ప్రశ్న:
నేను బెంగళూరులో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతున్నాను. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు మారతహళ్లిలోని తెలుగు పిల్లలకు చూపించడానికి 10 సెకన్ల యానిమేషన్ ఒకటి తయారు చేయదలచాను. 15 సెంటీమీటర్ల మందం గల సీసపు దిమ్మెను 10 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఎలక్ట్రాన్ తాకినప్పుడు ఫోటాన్లు (కాంతి కణాలు), ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు (ధనావేశం గల ఎలక్ట్రాన్ జోడు కణాలు) జల్లుగా ఎలా పుట్టుకొస్తాయో అందులో కనిపించాలి. కణాలు పదార్థంలో ఎలా సాగుతాయో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అయిన జియాంట్4లో, ఓపెన్‌జీఎల్ (చిత్రాలు గీసే గ్రాఫిక్స్ వ్యవస్థ) తెర మీద ఆ జల్లు అంతా ఒక్కసారే గీసినట్లు వస్తున్నది. కెమెరాను చుట్టూ తిప్పి చిత్రాలు తీయడం వచ్చు గానీ, కణాలు కాలక్రమంలో ముందుకు సాగుతున్నట్లు చూపడం ఎలాగో దయచేసి వివరించగలరు.

జవాబు 1:
మామూలు ట్రాజెక్టరీలో (కణం పోయిన దారి గీతలో) కాలానికి సంబంధించిన వివరం ఉండదు కనుక, ముందుగా సీన్‌లో (తెరపై గీయవలసిన దృశ్యంలో) చేర్చే ట్రాజెక్టరీలను, కాలం వంటి అదనపు వివరాలు ఉండే ‘రిచ్’ రకంగా మార్చండి. ఆ తరువాత ట్రాజెక్టరీ మోడల్‌లో (గీతలను ఎలా గీయాలో చెప్పే అమరికలో) టైమ్ స్లైస్ ఇంటర్వెల్, అంటే ఒక్కో ముక్క కాలవ్యవధి ఇస్తే ప్రతి గీతా చిన్నచిన్న ముక్కలవుతుంది. ఓపెన్‌జీఎల్‌కు ప్రారంభ సమయం, ముగింపు సమయం చెబితే ఆ వ్యవధిలోని ముక్కలను మాత్రమే గీస్తుంది. ఫేడ్ కూడా పెడితే పాత ముక్కలు క్రమంగా మసకబారుతాయి.

ముక్క ఎంత చిన్నదిగా ఉండాలన్నదే అసలు విషయం. కాంతి నానోసెకనుకు (సెకనులో వందకోట్లవ వంతుకు) దాదాపు 30 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి మీ దిమ్మెను దాటడానికి అర నానోసెకను చాలు. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 10 సెకన్లకు 250 ఫ్రేములు కావాలి. అంటే ఒక్కో ఫ్రేముకు 0.002 నానోసెకన్లు, ఆ లోగా కాంతి కదిలేది 0.6 మిల్లీమీటర్లు. అలవాటు చొప్పున 0.1 నానోసెకన్లు పెట్టారంటే కథంతా ఐదు ఫ్రేముల్లో ముగిసిపోతుంది.

ఒక హెచ్చరిక: ఫ్రేము ఫ్రేముకూ సిమ్యులేషన్‌ను మళ్ళీ నడపవద్దు. ర్యాండమ్ సంఖ్యలు మారి ప్రతి చిత్రంలోనూ వేరే జల్లు వస్తుంది. ఒకే ఈవెంట్‌ను (ఒక ఎలక్ట్రాన్ పుట్టించిన ఒక జల్లును) నిలిపి ఉంచి, సమయపు కిటికీని మాత్రమే జరపాలి.

జవాబు 2 (కోరమంగళలో యానిమేషన్ పని చేస్తున్నాను):
ఫ్రేములను పీఎన్‌జీ ఫైళ్ళుగా దాచి, వాటి పేర్లలోని అంకెలకు ముందు సున్నాలు చేర్చండి; లేకపోతే 2 కంటే ముందు 10 వచ్చి వరుస చెడుతుంది. తరువాత ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4గా కలపవచ్చు. వెడల్పు, ఎత్తు సరిసంఖ్యలుగా ఉంచి, పిక్సెల్ ఫార్మాట్‌గా (రంగులను దాచే పద్ధతిగా) yuv420p రకాన్ని ఎంచుకుంటేనే పిల్లల తల్లిదండ్రుల ఫోన్లలో ఇబ్బంది లేకుండా ఆడుతుంది. కాలం నడుస్తున్నప్పుడు కెమెరాను తిప్పకండి: రెండూ ఒకేసారి కదిలితే చూసేవారికి ఏది భౌతికశాస్త్రమో, ఏది అలంకారమో తెలియదు. ఇంతకంటే మెరుగైన వెలుగునీడలు కావాలంటే కణం వేసే ప్రతి స్టెప్ (అడుగు) స్థానాన్ని, గ్లోబల్ టైమ్‌ను (ఈవెంట్ మొదలైనప్పటి నుంచి గడిచిన కాలాన్ని) ఫైలులో రాయించి, బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో పైథాన్‌ ప్రోగ్రాముతో గీతలు నిర్మించుకోవచ్చు. అయితే శ్రమ చాలా ఎక్కువ.

జవాబు 3:
పై సలహాలు సరైనవే. ఆవేశాన్ని బట్టి రంగు వేసే మోడల్‌లో ధనావేశానికి నీలం, ఋణావేశానికి ఎరుపు, ఆవేశం లేని వాటికి ఆకుపచ్చ వస్తాయి. సీసంలో ఫోటాన్లు లెక్కలేనన్ని ఉండడం వల్ల తెరంతా ఆకుపచ్చగా నిండిపోతుంది. ఫిల్టర్ పెట్టి, తక్కువ శక్తి గల ఫోటాన్లను తీసివేయండి. కానీ తీసివేశామన్న మాటను పిల్లలకు చెప్పాలి, ఎందుకంటే జల్లు ఎదగడంలో సగం పాత్ర ఫోటాన్లదే.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. ఈ జల్లులో అరుదుగా పుట్టే న్యూట్రాన్లను కూడా చూపవచ్చునా?

జవాబు 1:
చూపవచ్చు గానీ మీ 10 సెకన్లలో ఇమడవు. ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టు న్యూట్రాన్ నానోసెకనుకు 1.4 సెంటీమీటర్లు మాత్రమే పోతుంది. యానిమేషన్‌ను ముందున్న వేగంతోనే నడిపితే, అది దిమ్మెను దాటేదాకా జల్లు ముగిశాక కూడా మూడు నిమిషాలకు పైగా వేచి ఉండాలి. అందుచేత జల్లు అణగిన తరువాత ఫ్రేము వ్యవధిని ఇరవై రెట్లు పెంచి, మరో 10 సెకన్ల భాగంగా చేర్చండి. తెర మూలలో నానోసెకన్ల గడియారం ఉంచితే వేగం మారిన సంగతి పిల్లలకే కనిపిస్తుంది.