ట్రెడ్‌మిల్ ముందా, డంబెల్స్ ముందా? నా దగ్గర ఉన్నది గంటే

మియాపూర్ నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్తే. మూడు నెలలుగా మా అపార్ట్‌మెంట్ దగ్గర ఉన్న జిమ్‌కి వెళ్తున్నా, వారానికి నాలుగు రోజులు, రోజుకి గంట. అంతకు మించి కుదరదు, ఎందుకంటే షిఫ్ట్ అయ్యి ఇంటికొచ్చి, పాపని స్కూల్ బస్ ఎక్కించి అటు నుంచి అటే వెళ్తా. వయసు 34, మొదట్లో 84 కేజీలు, ఇప్పుడు 81. ట్రైనర్ చెప్పింది ఏంటంటే వెళ్ళగానే 40 నిమిషాలు ట్రెడ్‌మిల్, మిగిలిన 20 నిమిషాలు వెయిట్స్. మొదటి నెల బాగానే ఉంది కానీ ఇప్పుడు డంబెల్ ప్రెస్ 10 కేజీల దగ్గర ఇరుక్కుపోయింది, స్క్వాట్స్‌లో మూడో సెట్‌కే కాళ్ళు వణుకుతున్నాయి. ఆఫీసులో ఫ్రెండ్ ఏమో "ముందు వెయిట్స్ కొట్టు, చివర్లో కార్డియో చెయ్, అప్పుడే ఫ్యాట్ కరుగుతుంది" అంటాడు. ట్రైనర్‌ని అడిగితే "ముందు పొట్ట తగ్గనీ సార్, కండల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఎవరి మాట వినాలి? పొట్ట తగ్గాలి, అలాగని చేతులు పుల్లల్లా అయిపోకూడదు.

ఇనుప గుండు:
మీ ఫ్రెండ్ చెప్పిన వరస కరెక్ట్, చెప్పిన కారణం తప్పు. ట్రైనర్ చెప్పింది మీకు సెట్ కాదు.

ముందు చేసే పనికి తాజా ఒళ్ళు దొరుకుతుంది, రెండోదానికి మిగిలింది దొరుకుతుంది, అసలు విషయం ఇంతే. 40 నిమిషాలు నడిచో పరిగెత్తో వెళ్ళి బార్ భుజాల మీద పెట్టుకుంటే ఏమవుతుందో మీరే రాశారు. తొడల్లో దాచుకున్న గ్లైకోజెన్ (కండలు ఇంధనంలా వాడుకునే చక్కెర నిల్వ) కొంత అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది, కాళ్ళు అలిసిపోయి ఉంటాయి, నడుము దగ్గర పట్టు సడలుతుంది. నేను కూడా మొదట్లో ఇలాగే చేసేవాణ్ణి. ఒకరోజు ట్రెడ్‌మిల్ దిగి నేరుగా స్క్వాట్‌కి వెళ్ళా, నాలుగో రెప్‌లో, అంటే నాలుగోసారి కిందికి దిగాక మడమలు లేచి, బరువంతా కాలి వేళ్ళ మీదకి వచ్చి, బార్ ముందుకి జారింది, వెనక ఉన్నతను పట్టుకోకపోతే మూతి పగిలేది. బరువు చూస్తే 50 కేజీలే, అంతకు ముందు వారం ఆడుతూ పాడుతూ ఎత్తిన బరువు.

ఇక ఫ్యాట్ సంగతి. వెయిట్స్ తర్వాత కార్డియో చేస్తే ఆ పావుగంటలో కొవ్వు కాస్త ఎక్కువ వాడబడుతుంది, నిజమే, కానీ పొట్ట తగ్గేది ఆ పావుగంట లెక్క మీద కాదు, రోజు మొత్తం, వారం మొత్తం ఎంత తిన్నాం ఎంత ఖర్చు పెట్టాం అన్నదాని మీద. మీ బరువుకి 40 నిమిషాలు వేగంగా నడిస్తే సుమారు 200 నుంచి 250 కేలరీలు. సాయంత్రం బండి దగ్గర నాలుగు మిర్చి బజ్జీలు తింటే లెక్క మళ్ళీ మొదటికి. కాబట్టి బరువు తగ్గడానికి ముందు ఏది చేసినా పెద్ద తేడా ఉండదు. తేడా వచ్చేది కండ దగ్గర. తిండి తగ్గించి బరువు తగ్గుతున్నప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, అది పోకుండా ఆపేది వెయిట్స్, ప్రోటీన్. మీరు ఆ వెయిట్స్‌కి ఇస్తున్నది చివరి 20 నిమిషాలు, అదీ అలిసిపోయిన ఒంటితో.

మియాపూర్ నైట్‌షిఫ్ట్:
థాంక్స్ అన్నా. అయితే గంటని ఎలా పంచుకోవాలి? పూర్తిగా ట్రెడ్‌మిల్ మానేస్తే వార్మప్ ఎలా?

ఇనుప గుండు:
వార్మప్ వేరు, కార్డియో వేరు, చాలామంది ఇక్కడే కలిపేస్తారు. ఐదారు నిమిషాలు నడక, ఒంటికి చెమట పట్టీ పట్టనట్టు ఉండాలి, మాట్లాడుతుంటే ఆయాసం రాకూడదు. ఆ తర్వాత మీరు చేయబోయే ఎక్సర్‌సైజునే తక్కువ బరువుతో ఒకటి రెండు సెట్లు. డంబెల్ ప్రెస్ 10 కేజీలతో చేయాలంటే ముందు 5 కేజీలతో ఒక సెట్. అది అయిపోయాక 35 నిమిషాలు వెయిట్స్, చివరి 15 నిమిషాలు కార్డియో.

35 నిమిషాలు తక్కువేం కాదు, ఫోన్ లాకర్‌లో పెడితే. ఒకరోజు స్క్వాట్, డంబెల్ ప్రెస్, రోయింగ్. ఇంకోరోజు రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (తుంటి దగ్గర ముందుకి వంగి బరువుతో లేవడం), షోల్డర్ ప్రెస్, ల్యాట్ పుల్‌డౌన్ (పైనున్న బార్‌ని ఛాతీ దాకా కిందికి లాగడం). ఈ రెండు రోజులే మార్చి మార్చి చేయండి. ప్రెస్ ఒక సెట్, నిమిషం ఆగి రోయింగ్ ఒక సెట్, మళ్ళీ ప్రెస్, ఇలా జతగా చేస్తే ఒకటి చేస్తుంటే రెండోది రెస్ట్ తీసుకుంటుంది, టైం మిగులుతుంది. 10 కేజీలతో మూడు సెట్లూ పన్నెండు పన్నెండు వచ్చాయంటే తర్వాతి సారి 12.5 ఎత్తండి, ఎనిమిదే వచ్చినా పర్లేదు.

ప్రోటీన్ బరువుకి కేజీకి 1.2 నుంచి 1.6 గ్రాములు చూసుకోండి, అంటే మీకు రోజుకి దాదాపు 100 గ్రాములు, పైన ఇంకాస్త. ఒక గుడ్డులో 6 గ్రాములే ఉంటుంది కాబట్టి రెండు గుడ్లు తిని అయిపోయిందనుకోవద్దు. కిడ్నీ ఇబ్బంది ఉంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా పెంచొద్దు. ఇంకోటి, రాత్రంతా మేలుకుని వచ్చి ఖాళీ కడుపుతో వెయిట్స్ ఎత్తకండి, ఒక అరటిపండైనా పడాలి. నిద్ర మరీ చాలని రోజు స్క్వాట్ వదిలేసి నడక చాలు.

రన్నింగ్ అక్క:
వెయిట్సే ముందు అని అందరికీ రూల్ పెట్టేయకండి. నేను ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరిగెత్తుతా, ఆ ఫ్లైఓవర్లు ఎక్కి దిగినవాళ్ళకి తెలుసు, కాళ్ళలో దమ్ము లేకపోతే ఏమవుతుందో. నాకు పరుగే ముఖ్యం కాబట్టి పరుగే ముందు. స్క్వాట్స్ చేసి ఇంటర్వెల్స్‌కి (కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా మార్చి మార్చి పరిగెత్తడం) వెళ్తే స్పీడ్ రాదు, అడుగు ఎక్కడ పడుతుందో తెలీదు.

ఇంకోటి చెప్తా, ఇది నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. గట్టి పరుగు ఉన్న రోజే సాయంత్రం కాళ్ళ వెయిట్స్ పెట్టుకుంటా, మర్నాడు పూర్తిగా తేలిక. మొదట్లో ఒకరోజు పరుగు, ఒకరోజు కాళ్ళు అని విడదీసేదాన్ని. వినడానికి బాగుంటుంది కానీ వారంలో ఏ రోజూ కాళ్ళు పూర్తిగా తేరుకునేవి కావు. పొద్దునకీ సాయంత్రానికీ కనీసం ఆరు గంటల గ్యాప్, మధ్యలో కడుపు నిండా అన్నం. లాంగ్ రన్ ఉన్న ఆదివారం మాత్రం వెయిట్స్ మాటే ఎత్తను.

ఇనుప గుండు:
అక్కా, ఒప్పుకుంటున్నా. ఏది పెంచుకోవాలో అదే ముందు. ఆయనకి డంబెల్ ఆగిపోయింది కాబట్టి అలా చెప్పా.

సిక్స్‌ప్యాక్ 2.0:
అసలు రెండూ కలిపి చేయడమే తప్పు, కార్డియో కండని తినేస్తుంది. సైన్స్ ప్రూవ్ చేసింది.

ఇనుప గుండు:
బ్రో, ఆ మాట పుట్టింది 1980లో హిక్సన్ అనే పరిశోధకుడు చేసిన స్టడీ నుంచి. అందులో ఒక గ్రూపు వెయిట్స్ మాత్రమే, ఒక గ్రూపు కార్డియో మాత్రమే, మూడో గ్రూపు రెండూ, పది వారాలు. రెండూ చేసినవాళ్ళకి మొదట్లో బలం వెయిట్స్ గ్రూపులాగే పెరిగింది, ఏడెనిమిది వారాలకి ఆగి, చివర్లో తగ్గింది. కానీ వాళ్ళు చేసింది ఎంతో చూడు, వారానికి ఐదు రోజులు వెయిట్స్, దాని మీద ఆరు రోజులు గట్టి సైక్లింగ్, రన్నింగ్. మన నైట్‌షిఫ్ట్ తమ్ముడు చివర్లో నడిచే పావుగంటకీ దానికీ పోలికే లేదు. పైగా ఆ గ్రూపులో బలం ఆగింది కానీ స్టామినా కార్డియో గ్రూపుతో సమానంగా పెరిగింది, ఆ సగం ఎవరూ చెప్పరు. మరీ భయమైతే పరుగు బదులు సైకిల్ తొక్కు, కాళ్ళకి దెబ్బ తక్కువ.

ఖాకీ కల:
అన్నా, నాదీ ఇదే డౌటు కానీ కేసు వేరు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్నా, తెలంగాణ. పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ మూడూ ఉన్నాయి. పొద్దున గ్రౌండ్‌లో 1600 మీటర్లు కొట్టి, అక్కడే జంప్స్ వేసి, సాయంత్రం జిమ్‌కి వెళ్తున్నా. జంప్ 3.70 దాటట్లేదు.

పాత పీఈటీ:
తమ్ముడూ, 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్ళకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కేజీల గుండు 6 మీటర్లు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, ఒక్కో రౌండుకి 1 నిమిషం 48 సెకన్లు. అప్పుడు ఆంధ్రలో 8 నిమిషాలు ఇచ్చారు, ఇక్కడ అంత సడలింపు లేదు. కొత్త నోటిఫికేషన్ వచ్చాక అంకెలు మళ్ళీ సరిచూసుకో.

జంప్, గుండు రెండూ పేలుడు పనులు, ఒక్క క్షణంలో ఒళ్ళంతా పెట్టాలి. 1600 కొట్టిన కాళ్ళతో టేకాఫ్ బోర్డు మీద అడుగు కొట్టలేవు, పాదం మెత్తగా ఆనుతుంది, ఎత్తు రాదు, నువ్వు దూకుతున్నది జంప్ కాదు, పెద్ద అడుగు. వారానికి రెండు రోజులు వార్మప్ అవ్వగానే జంపే ముందు పెట్టు, ఆరేడు జంప్‌లు చాలు, ప్రతి జంప్‌కీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగు. తర్వాత గుండు, ఆ తర్వాత తేలికగా పరుగు. టైమ్ పెట్టుకుని కొట్టే గట్టి 1600 ఇంకోరోజు, ఆ రోజు పరుగే ముందు. జిమ్ సాయంత్రమే ఉంచు కానీ మర్నాడు టైమింగ్ ఉంటే కాళ్ళు ముట్టుకోవద్దు.

అయితే ఒక మెలిక ఉంది. అసలు పరీక్ష రోజు ముందు పరుగే పెడతారు, క్వాలిఫై అయినవాళ్ళనే కొలతలకీ, జంప్‌కీ, గుండుకీ పంపుతారు. మధ్యలో ఎండలో కూర్చోబెడితే ఒళ్ళు చల్లబడుతుంది. కాబట్టి పది రోజులకోసారి అదే వరసలో మొత్తం చేసి చూడు: 1600, అరగంట గంట ఊరికే కూర్చో, మళ్ళీ వార్మప్ చేసుకుని జంప్. నేను చూసిన పిల్లల్లో పరుగు పాసై జంప్‌లో పోయినవాళ్ళలో సగం మంది ఆ రెండో వార్మప్ చేయనివాళ్ళే. రోజూ మాత్రం ఈ వరస పెట్టుకోకు, అలసట తప్ప ఏమీ పెరగదు.

ఖాకీ కల:
సార్, ఆ కూర్చోవడం సంగతి అస్సలు ఆలోచించలేదు. రేపటి నుంచి మొదలుపెడతా.

విజయవాడ అమ్మాయి:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా అమ్మకి 58, పదేళ్ళుగా షుగర్, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వేసుకుంటుంది. పొద్దున గంట వాకింగ్ చేస్తుంది. డాక్టర్ ఇప్పుడు రబ్బర్ బ్యాండ్లతో ఎక్సర్‌సైజులు కూడా చేయమన్నారు. వాకింగ్‌కి ముందా, తర్వాతా?

రన్నింగ్ అక్క:
ఆంటీకి వరస కన్నా రెండూ మానకుండా చేయడమే ముఖ్యం. నన్నడిగితే పది నిమిషాలు మెల్లగా నడిచి, బ్యాండ్లు పదిహేను నిమిషాలు, తర్వాత మిగతా వాకింగ్. గంట నడిచి ఇంటికొచ్చాక ఇంకేం బ్యాండ్లు, కాఫీ పెట్టుకుని కూర్చుంటారు, మా అత్తయ్య అంతే. టైప్ 1 ఉన్నవాళ్ళ మీద 2012లో వచ్చిన ఒక చిన్న స్టడీలో ముందు వెయిట్స్, తర్వాత కార్డియో చేసినప్పుడు ఎక్సర్‌సైజ్ మధ్యలో షుగర్ అంతగా పడిపోలేదు. ఆంటీది టైప్ 2 అయితే అది ఇక్కడ నేరుగా వర్తించదు, అయినా ఈ వరసతో పోయేదేం లేదు.

జాగ్రత్త పడాల్సింది గ్లిమెపిరైడ్ దగ్గర. దానితో షుగర్ డౌన్ అవ్వొచ్చు, ఎక్సర్‌సైజ్ పెంచిన కొత్తలో ఇంకా ఎక్కువ. వణుకు, చల్లటి చెమట, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆపేసి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకి మళ్ళీ చెక్ చేయండి. కొత్తగా మొదలుపెట్టే వారం ఎక్సర్‌సైజ్‌కి ముందూ తర్వాతా గ్లూకోమీటర్‌తో చూసి, ఆ రీడింగులు డాక్టర్‌కి చూపిస్తే డోసు మార్చాలా వద్దా ఆయన చెప్తారు, మీరు మార్చొద్దు. బ్యాండ్ లాగేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బీపీ పెరుగుతుంది. లాగేటప్పుడు గాలి వదలమనండి. ఛాతీలో పట్టేసినట్టు ఉంటే ఎక్సర్‌సైజ్ కాదు, నేరుగా ఆసుపత్రే.

మియాపూర్ నైట్‌షిఫ్ట్:
ఐదు వారాల తర్వాత వచ్చా, అప్‌డేట్ ఇద్దామని. వెయిట్స్ ముందుకి జరిపా. డంబెల్ ప్రెస్ 12.5తో పది పది ఎనిమిది వస్తున్నాయి. స్క్వాట్‌లో కాళ్ళు వణకట్లేదు. బరువు 80.2, పెద్దగా తగ్గలేదు కానీ బెల్టు ఒక రంధ్రం లోపలికి వచ్చింది, మా ఆవిడ నమ్మట్లేదు. ట్రైనర్ మొదటి వారం మొహం ముడుచుకున్నాడు, ఇప్పుడు ఇంకో ఇద్దరికి ఇదే చెప్తున్నాడు, క్రెడిట్ మాత్రం ఆయనదేనట.

కొత్త సమస్య ఒకటి. నేను వెయిట్స్ అయ్యి ట్రెడ్‌మిల్ దగ్గరికి వెళ్ళేసరికి ఒక పెద్దాయన ఎక్కి న్యూస్ చూస్తూ దిగట్లేదు. ఉన్నదే రెండు, ఒకటి రిపేర్.

ఇనుప గుండు:
అపార్ట్‌మెంట్ మెట్లున్నాయి కదా, ఎన్ని అంతస్తులు?

మియాపూర్ నైట్‌షిఫ్ట్:
తొమ్మిది.

ఇనుప గుండు:
ఎక్కేటప్పుడు మెట్లు, దిగేటప్పుడు లిఫ్ట్, మూడు సార్లు. కాళ్ళ రోజు మాత్రం వద్దు, ఆ రోజు పెద్దాయన దిగేదాకా ఆగండి.