అమెరికాలోని యూటా రాష్ట్రంలో సిటీ హాల్ ముందు మన జెండా ఎగరేయడానికి ఎవరైనా అనుమతి తీసుకున్నారా?

అందరికీ నమస్కారం. సాల్ట్ లేక్ సిటీ దగ్గర ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాం. ఆగస్టు 15న సిటీ హాల్ ముందు మువ్వన్నెల జెండా ఎగరేయాలని మా తెలుగువాళ్లం అనుకున్నాం. ఆఫీసుకెళ్లి అడిగితే కౌంటర్‌లో ఆవిడ మర్యాదగానే, "కొత్త చట్టం వచ్చాక బయటి జెండాల దరఖాస్తులు తీసుకోవడం లేదు" అన్నారు. చట్టం చూపించమంటే లాయర్‌ని అడగమన్నారు.

ఆవిడ చెప్పింది 2025లో గవర్నర్ సంతకం లేకుండానే అమల్లోకి వచ్చిన చట్టం గురించి. చట్టం ఒప్పుకున్న జెండాల జాబితాలో లేనిది ప్రభుత్వ భవనాల దగ్గర పెడితే రోజుకు 500 డాలర్ల జరిమానా. అందుకే సాల్ట్ లేక్ సిటీ ప్రైడ్ (LGBTQ వాళ్ల ఇంద్రధనుస్సు) జెండా డిజైన్ మీద తమ సెగో లిల్లీ పువ్వు చేర్చి, దాన్నీ ఒక అధికారిక సిటీ జెండాగా చేసుకుంది. కానీ మనం అడిగేది ఒక దేశం జెండా కదా, దానికీ భయపడాలా?

2022లో బోస్టన్ సిటీ హాల్ జెండా కేసులో అమెరికా సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిది మందీ ఒకే మాట చెప్పారు. అక్కడ సిటీవాళ్లు జెండా ఎగరేస్తామని అడిగినవాళ్లకల్లా 284 సార్లు ఒప్పుకుని, ఒక్క క్రైస్తవ జెండాకే కాదన్నారు. అలా కాదనడం చెల్లదని జడ్జీలు అన్నారు. మా ఊళ్లో అందరికీ ఆపేశారు కాబట్టి ఆ తీర్పు మాకు పనికొస్తుందా?

యూటాలో గానీ, ఇలాంటి చట్టమే ఉన్న ఐడహోలో గానీ ఎవరైనా అనుమతి తెచ్చుకుని ఉంటే, దరఖాస్తులో ఏం రాశారో చెప్పండి. స్తంభం ఇవ్వకపోతే లాన్‌లో పిల్లలు చేత్తో జెండాలు పట్టుకుని నిలబడొచ్చా? మా అమ్మగారు ఊరి నుంచి తెచ్చిన ఖాదీ జెండా ఇస్త్రీ చేసి, మడిచి సిద్ధంగా ఉంచాం.