పద్యనాటకం రికార్డు చేయడానికి 200 మెగాపిక్సెళ్ల ఫోనా, హ్యాండీకామా?

తెరవెనుక:
మా పద్యనాటక సమాజంలో కృష్ణుడు, కర్ణుడు వేషాలు కట్టే పెద్దలిద్దరికీ డెబ్బై ఏళ్లు దాటాయి. వారి గొంతులో పద్యం పలుకుతున్నప్పుడే మా నాటకాలను నాంది నుంచి మంగళం వరకు 4కె వీడియోగా భద్రపరచుకోవాలని చందాలు వేసుకున్నాం. ఆ సొమ్ముతో ఒక్క పరికరమే కొనగలం. కుర్రవాళ్లు 200 మెగాపిక్సెళ్ల ఫోను కొందామంటున్నారు, నేను హ్యాండీకామ్ కొందామంటున్నాను. నాటకం దాదాపు మూడు గంటలు నడుస్తుంది. ముందు వరుసల వారికి అడ్డు రాకూడదంటే కెమెరాను వేదికకు 40 అడుగుల వెనక నిలబెట్టాలి. వెనక తెర ముదురు నీలం, వెలుగంతా పాత్రధారి మీదనే ఉంటుంది. ఏది సరైనదో దయచేసి కారణాలతో చెప్పగలరు.

కొత్తతరం:
హ్యాండీకామ్‌కు కాలం చెల్లిందని నా అభిప్రాయం. 2024 జనవరిలో వచ్చిన గెలాక్సీ ఎస్24 అల్ట్రాను ఉదాహరణగా తీసుకోండి. దాని ప్రధాన సెన్సర్ (వెలుగును బొమ్మగా మార్చే చిప్) పరిమాణం 1/1.3 అంగుళం కాగా, సోనీ ఏఎక్స్53 వంటి 4కె హ్యాండీకామ్‌లో ఉన్నది 1/2.5 అంగుళం మాత్రమే. సెన్సర్ పెద్దదైన కొద్దీ ఎక్కువ వెలుగు పట్టుకుంటుంది. ఆ ఫోను ప్రధాన లెన్సు ఎపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) కూడా ఎఫ్/1.7. పైగా అయిదు రెట్ల జూమ్‌కు ప్రత్యేకంగా మరో లెన్సు, దాని వెనక 50 మెగాపిక్సెళ్ల సెన్సర్ ఉన్నాయి. నాటకాలు లేని రోజుల్లో హ్యాండీకామ్ బీరువాలో పడి ఉంటుంది. ఫోనైతే సమాజం పనులన్నిటికీ పనికొస్తుంది, తీసిన రాత్రే ఎడిట్ చేసి యూట్యూబ్‌లో పెట్టుకోవచ్చు కూడా.

ముక్కాలిపీట:
పైన చెప్పిన కొలతలన్నీ నిజమే. అయితే వాటిలో ఎక్కువ భాగం ప్రధాన లెన్సు కొలతలు, 40 అడుగుల దూరంలో నిలబడిన మనిషికి ఆ లెన్సుతో పనే ఉండదు. పాత ఫిల్మ్ కెమెరా లెక్కలో 24 మిల్లీమీటర్లకు సమానమైన (ఈ అంకె పెరిగిన కొద్దీ దూరపు బొమ్మ దగ్గరగా కనిపిస్తుంది) ఆ లెన్సు అంత దూరం నుంచి 60 అడుగుల వెడల్పును చూస్తుంది. మీ వేదిక 30 అడుగులే అయితే ఫ్రేములో సగం గోడలకే పోతుంది. అయిదు రెట్ల లెన్సుకు మారితే ఆ వెడల్పు 13 అడుగులకు తగ్గి, ఇద్దరు పాత్రధారులు ఆపాదమస్తకం కనిపిస్తారు. సంవాద పద్యాలకు అది చక్కగా సరిపోతుంది. కానీ కుంతి ఎదుట కర్ణుడు కళ్లనీళ్లు ఆపుకుంటూ పద్యం అందుకునే ఘట్టంలో ముఖం చూపకపోతే ఇక రికార్డు చేసి ఏం లాభం? అందుకు అయిదడుగుల వెడల్పు ఫ్రేము కావాలి, అంటే దాదాపు 290 మిల్లీమీటర్ల లెన్సు కావాలి. ఏఎక్స్53 లెన్సు 26.8 నుంచి 536 మిల్లీమీటర్ల వరకు ఆగకుండా జరుగుతుంది. ఫోను మాత్రం అయిదు రెట్లు దాటిన తరువాత బొమ్మ మధ్య భాగాన్ని కత్తిరించి పెద్దది చేస్తుంది.

మెగాపిక్సెళ్ల విషయానికి వస్తే, 4కె వీడియోలో ఒక్కో ఫ్రేముకు 3840 × 2160, అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లే ఉంటాయి. 20 కోట్ల పిక్సెళ్ల సెన్సర్ మామూలుగా పదహారు పిక్సెళ్లను ఒకటిగా కలిపి కోటీ పాతిక లక్షలు చేసుకుని పనిచేస్తుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసిన ఆ సంఖ్యకు మీ నాటకంతో సంబంధం లేదు.

సెన్సర్ సైజు వాదన కూడా ఇక్కడ నిలవదు. ఆ ఫోనులో అయిదు రెట్ల లెన్సు వెనక ఉన్నది 1/2.52 అంగుళాల సెన్సర్, ఎపర్చర్ ఎఫ్/3.4. కాబట్టి అయిదు రెట్ల దగ్గర ఫోను, హ్యాండీకామ్ ఇంచుమించు సమానమే, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. పది రెట్లకు వెళ్లినప్పుడు మాత్రం ఫోను ఆ చిన్న సెన్సర్‌లో నాలుగో వంతునే వాడుకుంటుంది, హ్యాండీకామ్ తన సెన్సర్‌ను ముందులాగే వాడుకుంటుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. మొన్నటి శివరాత్రికి మా ఊరి నాటకాన్ని ఒక ఖరీదైన ఫోనుతో తీశాను. అయిదు రెట్ల జూమ్‌లో ఉండగా లైట్లాయన దీపాలు తగ్గించగానే, ఫోను తనంతట తానే ఆ లెన్సును వదిలి ప్రధాన లెన్సుకు మారి, దాని బొమ్మనే సాగదీసి చూపించింది. కృష్ణుడి నుదుటి తిలకం నీళ్లు పడ్డ ముగ్గులా అలుక్కుపోయింది, కిరీటంలోని అద్దపు ముక్కలన్నీ కలిసి ఒకటే తెల్లటి మచ్చ అయ్యాయి. తెర మీద జూమ్ అంకె మాత్రం మారలేదు. ఇంటికి వచ్చి టీవీలో చూసుకునేదాకా జరిగిన సంగతి నాకు తెలియలేదు. ఆ పద్యాన్ని మళ్లీ పాడించి తీయడం ఎవరి తరమూ కాదు.

కొత్తతరం:
మీ అనుభవాన్ని కాదనను. అయితే లెన్సును మారనీయకుండా బిగించి ఉంచే కెమెరా యాప్‌లు ఉన్నాయి, వాటిని వాడితే ఆ ఇబ్బంది తప్పుతుంది. నిల్వ సంగతి కూడా ఆలోచించండి. ఐఫోనులో సెకనుకు 30 ఫ్రేముల 4కె వీడియో నిమిషానికి దాదాపు 170 ఎంబీ తీసుకుంటుంది, మూడు గంటలకు 31 జీబీ లోపే. హ్యాండీకామ్‌లో సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యత పెట్టుకుంటే గంటకే 45 జీబీ అవుతుంది.

మైక్‌సెట్టు:
ఇంతసేపూ బొమ్మ గురించే మాట్లాడుకున్నారు. పద్యనాటకాన్ని జనం ముందు వింటారు, తరువాతే చూస్తారు. ఫోను మైకు ధ్వని స్థాయిని తానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. పాత్రధారి ఊపిరి పీల్చుకునే విరామంలో హార్మోనియం తిత్తి చప్పుడును, ఫ్యాన్ల రొదను పైకి లేపుతుంది, ఆలాపన పై షడ్జం అందుకోగానే అణిచేస్తుంది. ఎంతో సాధన చేసి తెచ్చుకున్న ఆ హెచ్చుతగ్గులు రికార్డులో చదునైపోతాయి. హ్యాండీకామ్‌లో మైకు సాకెట్ ఉంటుంది, చేతితో స్థాయిని నిలిపే వీలు చాలా మోడళ్లలో ఉంటుంది. మిక్సర్ నుంచి నేరుగా తీగ తీసుకోండి, కానీ మిక్సర్ నుంచి వచ్చే బలమైన సంకేతాన్ని (లైన్ స్థాయిని) మైకు స్థాయికి తగ్గించే అటెన్యుయేటర్ కేబుల్ లేకుండా మైకు సాకెట్‌లో పెట్టకండి, శబ్దం పగిలిపోతుంది. విడిగా రికార్డరులో తీసి తరువాత కలుపుకుందామనుకుంటే మరో చిక్కు ఉంది. చాలా ఫోన్లలో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు కనుక, గంట గడిచేసరికి పెదవుల కదలిక ఒకచోట, పద్యం ఒకచోట అవుతాయి.

ముక్కాలిపీట:
నిల్వ గురించి అడిగినందుకు చెబుతున్నాను. 60 మెగాబిట్ల నాణ్యతలో మూడు గంటలకు 81 జీబీ అవుతుంది, 128 జీబీ కార్డు సరిపోతుంది. కార్డు మీద రాసే వేగాన్ని సూచించే వి30 గుర్తో, యు3 గుర్తో ఉండేలా చూసుకోండి. లెన్సును బిగించే యాప్ లెన్సును బిగిస్తుంది గానీ, మూడు గంటలపాటు 4కె తీస్తుంటే వేడెక్కే ఫోనును చల్లబరచలేదు. చార్జింగ్ పెట్టి తీస్తే ఆ వేడి ఇంకా పెరుగుతుంది. హ్యాండీకామ్‌కైతే విరామంలో బ్యాటరీ మార్చుకోవచ్చు. మిర్రర్‌లెస్ కెమెరా (లెన్సులు మార్చుకునే ఫొటో కెమెరా) కొనమని ఎవరైనా అంటే, పాత మోడళ్లలో చాలావాటికి 29 నిమిషాల 59 సెకన్ల పరిమితి ఉందని గుర్తుంచుకోండి. అరగంట దాటి తీయగలిగితే యూరప్ సుంకాల లెక్కలో వీడియో కెమెరా కింద పడుతుందని తయారీదారులు పెట్టుకున్న హద్దు అది.

ఏది కొన్నా సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక చాలా దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. 1/60 పెడితే నీలం తెర మీద చారలు పాకుతాయి.

తెరవెనుక:
అందరికీ కృతజ్ఞతలు. మా కుర్రవాళ్లు కూడా ఇదంతా చదివారు. సెకండ్‌హ్యాండ్ హ్యాండీకామ్ చూసి, మిగిలిన సొమ్ముతో ఆ అటెన్యుయేటర్ కేబుల్, ఒక అదనపు బ్యాటరీ కొందామని ఒప్పందానికి వచ్చాం. మాది సముద్రపు గాలి తగిలే ఊరు కనుక, టార్చి వేసి లెన్సు లోపల బూజు ఉందేమో చూసిన తరువాతే డబ్బు కడతాం. ఆదివారం రిహార్సల్‌కు ఒక మిత్రుని హ్యాండీకామ్, మా కుర్రవాడి ఫోను పక్కపక్కన 40 అడుగుల దూరంలో పెట్టి ఒకే పద్యాన్ని తీయబోతున్నాం. కర్ణుడి వేషం కట్టే పెద్దాయన, పరీక్ష కోసమే అయినా రంగు వేసుకునే వస్తానన్నారు.