అప్‌డేట్: అమ్మ డల్లాస్ చేరింది

నల్గొండ నుంచి అమ్మను ఒక్కదాన్నే డల్లాస్ పంపాలి, విమానంలో ఎన్ని గంటలు కూర్చోవాలి అని అడిగాను కదా. క్షేమంగా చేరింది. హైదరాబాద్ నుంచి నేరుగా కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. ఆ గీత దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది! అమ్మ వెళ్లింది మాత్రం దుబాయ్ మీదుగా. శంషాబాద్ నుంచి దుబాయ్ 4 గంటలు లెక్కలోకే రాదు. అక్కడి నుంచి డల్లాస్‌కు దాదాపు 16 గంటలు, అదీ అసలు పరీక్ష. మోకాళ్లు పట్టేశాయట. నడవా పక్క సీటు తీసుకోమన్నవాళ్లకు దండం, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేసిందట. వీల్‌చెయిర్ ముందే అడిగాం కాబట్టి దుబాయ్‌లో గేటు వెతికే టెన్షన్ లేదు. చింతకాయ తొక్కు పెద్ద బ్యాగులోనే వేశాం. తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు వెనక నుంచి తోస్తాయి, గంటకు పైగా కలిసొస్తుందని చెప్పాను. "అయితే ఎక్కొచ్చు బిడ్డా" అంది.