సంబంధం వారు అడిగితే ఎంతవరకు చెప్పాలి?

ప్రశ్న: మా చర్చి సంఘంలోని ఒక యువకుని గురించి విచారించడానికి పెళ్లికూతురి తండ్రి ఈ ఆదివారం మా ఇంటికి వస్తున్నారు. అతనికి అప్పులున్నాయని నాకు తెలుసు. వాళ్లమ్మగారేమో "నాలుగు మంచి మాటలు చెప్పండి, అంకుల్" అని బతిమాలుతున్నారు. మౌనంగా ఉంటే అబద్ధమాడినట్టేనా?

జవాబు: బైబిల్లో అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో యేసు శిష్యుడైన పేతురు, అననీయ అనే విశ్వాసిని నిలదీసింది పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకున్నందుకు కాదు (ఆ సొమ్ము అతని వశమందే ఉండెనని 4వ వచనమే ఒప్పుకుంటుంది); కొంత తెచ్చి, అంతా తెచ్చినట్టు నమ్మించబోయినందుకు. "అబ్బాయి బంగారం, ఆరాధన మానడు" అని ఊరుకోవడం నా దృష్టిలో ఆ కోవలోనిదే.

మరొకరి జవాబు: తొందరపడకండి. లేవీయకాండము 19:16 కొండెములాడవద్దంటుంది. అప్పుల సంగతి మీరు స్వయంగా ఎరుగుదురా, లేక ప్రార్థన కూటం అయ్యాక గుమ్మం దగ్గర విన్నారా? (మన సంఘాల్లో సగం సమాచారం అక్కడే పుడుతుంది.)

ప్రశ్న అడిగినవారు: అతని చీటీకి జామీను సంతకం నాదేనండీ.

జవాబు: అయితే శనివారంలోగా అతన్ని ఒంటరిగా కలిసి, "వారు అడిగితే నేను దాచలేను, ముందుగా నువ్వే చెప్పుకో" అనండి. ఆదివారం అడిగినంతవరకు, తెలిసినంత మేరకే చెప్పండి. మొత్తం ఎంతో, ఎందుకు చేశాడో అతన్నే అడగమనండి.