అప్‌డేట్: లావెండర్ సబ్బులో రంగు, సువాసన నిలిచాయి

కోల్డ్ ప్రాసెస్‌లో, అంటే పొయ్యి మీద ఉడికించకుండా నూనెల్లో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి చేసే లావెండర్ సబ్బుకు కృత్రిమ రంగులు లేకుండా ఊదా రంగు వస్తుందా అని ఇంతకుముందు అడిగాను. పూలను లోపల కలపవద్దని, రంగుకు రతన్‌జోత్ వేరు వాడమని సూచించిన వారందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు.

300 గ్రాముల ఆలివ్ నూనె, 150 గ్రాముల కొబ్బరినూనె, 50 గ్రాముల ఆముదానికి 70 గ్రాముల కాస్టిక్ సోడా తీసుకున్నాను. ఈ లెక్కన 5 శాతానికి కాస్త పైగా నూనె సబ్బుగా మారకుండా మిగిలి చర్మాన్ని పొడిబారనివ్వదు. సోడానే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి తప్ప, సోడా మీద నీళ్లు పోయకూడదు. చేతి తొడుగులు, కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా ఈ పనికి ఎవరూ పూనుకోవద్దు.

వేరును నానబెట్టిన ఆలివ్ నూనె ముదురు ఎరుపుగా ఉండేది; సోడా నీళ్లు కలిపి తిప్పుతున్న కొద్దీ, క్షారం తగిలి ఆ ఎరుపు ఊదాగా మారడం ఎంతో ముచ్చటగా అనిపించింది. మిశ్రమం దోసెల పిండిలా చిక్కబడి, పైనుంచి జార్చిన ధార గీతలా నిలిచినప్పుడు 15 గ్రాముల లావెండర్ తైలం కలిపాను. పైన చల్లిన పూలు సైతం సబ్బును తాకిన చోట గోధుమ రంగుకు తిరిగాయి కనుక, ఇకపై అవి కూడా వేయను. ఆరు వారాలు గాలికి ఆరాక తైలం ఘాటు తగ్గింది గానీ, తడి చేత్తో రుద్దగానే సువాసన చక్కగా తెలుస్తోంది.